ముక్క తీసే ముందు

ఎండాకాలం మొదలైతే మా ల్యాబ్‌కు థర్మోకోల్ పెట్టెలు ఎక్కువగా వస్తాయి. జిల్లాల నుంచి ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో పంపిస్తారు. మూత తీస్తే సగం కరిగిన ఐసు, తడిసి ముద్దయిన ఉత్తరం, పాలిథిన్ కవర్లలో చుట్టిన సీసాలు. వాటిలో చనిపోయిన గొర్రె ఊపిరితిత్తి ముక్క, ప్లీహం, పేగు. ఎక్కడో బీడు భూమిలో, చెట్టు నీడ కూడా లేని చోట, ఒక పశువైద్యుడు మోకాళ్ల మీద కూర్చుని కోసి పంపిన ముక్కలు అవి. ఆ పని నేనూ చేస్తాను కాబట్టి దాని కష్టం నాకు తెలుసు. అందుకే సీసా మూత తిప్పగానే ఫార్మలిన్ (శరీర భాగాలు కుళ్లకుండా దాచే ద్రవం) ఘాటు తగిలితే ప్రాణం ఉసూరుమంటుంది. ఉత్తరంలో మాత్రం "పీసీఆర్ పరీక్ష జరిపి ఫలితము తెలుపవలసిందిగా కోరడమైనది" అని ఉంటుంది. పీసీఆర్ అంటే వైరస్ జన్యుపదార్థానికి లక్షల నకళ్లు తీసి గుర్తించే పరీక్ష. ఫార్మలిన్‌లో వేసిన ముక్క దానికి సరిగా పనికిరాదు.

ఈ పోస్టు ఫీల్డులో ఉన్న డాక్టర్ల కోసం, పశువైద్య సహాయకుల కోసం, కొత్తగా పరిశోధనలో చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. ఫోన్లో విడివిడిగా చెబుతూనే ఉన్నాను, కానీ అన్నీ ఒకచోట ఉంటే మంచిది అనిపించింది.

నేను పనిచేసేది గొర్రెలు, మేకల వైరస్ జబ్బుల మీద. ముఖ్యంగా పీపీఆర్, మన కాపరులు పారుడు రోగం అనే జబ్బు. ముందు జ్వరం, ముక్కూ కళ్లూ కారడం, నోట్లో పుళ్లు, తర్వాత పారుడు, న్యుమోనియా. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్ల గొర్రెలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఈ జబ్బును 2030 నాటికి ప్రపంచంలోనే లేకుండా చేయాలని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. అది జరగాలంటే ఏ ఊరి మందలో ఏ వైరస్ తిరుగుతోందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. దానికి వైరస్ జన్యుక్రమం చదవాలి. చదవడానికి చెడిపోని ముక్క కావాలి. మిషన్లు ఎంత ఖరీదైనవైనా, చెడిపోయిన ముక్కలోంచి అవి మంచి జవాబు తీయలేవు.

ఒకసారి నారాయణపేట వైపు ఒక మంద దగ్గరికి వెళ్లాం. చనిపోయిన గొర్రెను కోస్తుంటే కాపరి తాత పక్కనే గొంగడి మీద కూర్చుని చూస్తున్నాడు. "గిన్ని ముక్కలు దీసుకపోయి ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగాడు. నాతో వచ్చిన రీసెర్చ్ స్కాలర్ "పరీక్ష చేస్తాం తాతా" అంది. "ఏం పరీక్ష?" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది.

ఆ రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండా కత్తి పట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ముక్కను మైక్రోస్కోపు కింద చూడాలా, అందులోని ఆర్‌ఎన్‌ఏ (ఈ వైరస్ జన్యుపదార్థం) చదవాలా, లేక వైరస్‌ను బతికించి కణాల్లో పెంచాలా? మూడు పనులకు మూడు రకాలుగా దాచాలి. ఒక పనికి సరిపోయే ద్రవం ఇంకో పనిని పూర్తిగా పాడుచేస్తుంది. ఏ పనో తెలియకపోతే మూడు సీసాల్లోనూ వేయండి. ఒక గొర్రెలో ముక్కలకు కరువేం లేదు.

ఫార్మలిన్ మీద నాకు కోపం లేదు. మైక్రోస్కోపు పనికి అంతకంటే మంచిది లేదు. అందులోని ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి, డీఎన్‌ఏతో, ఆర్‌ఎన్‌ఏతో రసాయన బంధాలు వేసి కట్టేస్తుంది. కణం ఆకారం ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. పాథాలజిస్టుకు కావాల్సింది అదే. కానీ పీసీఆర్‌లో ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏ పోగును ఈ చివర నుంచి ఆ చివర దాకా నకలు తీయాలి. దారిలో అన్ని బంధాలు అడ్డుంటే మధ్యలోనే ఆగిపోతుంది. పైగా బఫర్ (ఆమ్లత మారకుండా ఆపే లవణం) కలపని పాత ఫార్మలిన్ మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లానికి డీఎన్‌ఏ తెగిపోతుంది. చివరికి మాకు దొరికేవి చిన్న చిన్న తునకలే. పీపీఆర్ వైరస్ జన్యుక్రమంలో దాదాపు 16 వేల అక్షరాలుంటాయి. తునకల్లోంచి అదంతా కూర్చడం ఎంత కష్టమో మీరే ఊహించండి.

అలాగని ఫార్మలిన్‌లో వేసిందల్లా పోయినట్టు కాదు. 1912లో బెర్లిన్‌లో తట్టు సోకి రెండేళ్ల పాప చనిపోయింది. ఆ పాప ఊపిరితిత్తిని అప్పటి డాక్టర్లు ఫార్మలిన్‌లో దాచారు. అది అక్కడి షారిటే ఆసుపత్రికి చెందిన వైద్య చరిత్ర మ్యూజియంలో వందేళ్లకు పైగా ఉండిపోయింది. ముక్కను బాగా వేడిచేసి ఆ బంధాలను విడదీసి, అందులోని తట్టు వైరస్ జన్యుక్రమాన్ని చదివి 2020లో ప్రచురించారు. తట్టు వైరస్, పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) వైరస్ ఒకే మూలం నుంచి విడిపోయింది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం నాటికే కావచ్చని ఆ పరిశోధన చెప్పింది. మా పీపీఆర్ వైరస్ ఆ రెండింటికీ దగ్గరి చుట్టం. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సీసా మీద పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టిన మనిషికి అప్పటికి వైరస్ అంటే ఏమిటో కూడా సరిగా తెలిసి ఉండదు. అయినా జాగ్రత్తగా దాచాడు. అయితే అది ఒక పెద్ద బృందం ఒక అపురూపమైన నమూనా మీద పెట్టిన శ్రమ. మందలో గొర్రెలు చస్తుంటే మనకు జవాబు వారంలో కావాలి.

ఇక ఆర్‌ఎన్‌ఏ సంగతి. దాన్ని తినేసే ఎంజైములు ఆ కణాల్లోనే ఉంటాయి. ప్రాణం ఉన్నంతసేపు కణం వాటిని వేరే గదుల్లో అదుపులో ఉంచుతుంది. ప్రాణం పోగానే గోడలు కరిగి అవి బయటపడతాయి. మన వేళ్ల మీద, చెమటలో కూడా ఉంటాయి. రైబోన్యూక్లియేజ్-ఏ అనే ఎంజైమ్‌ను మరగబెట్టినా, చల్లారాక మళ్లీ పని మొదలుపెడుతుంది. అంత మొండిది. గ్లౌజులు మనకు జబ్బు అంటకుండా వేసుకుంటాం, నిజమే. ముక్కను మన నుంచి కాపాడటానికి కూడా వేసుకోవాలి.

దీనికి తోడు మన ఎండలు. గొర్రె ఒంటి మీద ఉన్ని, పొట్టలో ఇంకా పులుస్తూనే ఉన్న మేత, బయట 42 డిగ్రీలు. చనిపోయాక ఒళ్లు చల్లబడే అవకాశమే ఉండదు. అన్నిటికంటే ముందు పాడయ్యేది పేగు లోపలి పొర. లింఫ్ నోడ్లు కొంచెం తట్టుకుంటాయి. పీపీఆర్‌కు పేగు దగ్గరి లింఫ్ నోడ్, ఊపిరితిత్తుల దగ్గరి లింఫ్ నోడ్, ప్లీహం, ఊపిరితిత్తి బాగా పనికొస్తాయి. వాటిని ముందు తీసి, పేగును ఆఖరున కోయండి. పేగు ముందు కోస్తే అందులోని బ్యాక్టీరియా కత్తి వెంట అన్నిటికీ అంటుకుంటుంది. ఒక్కో గొర్రెకు కొత్త బ్లేడు వాడండి. బ్లేడు ఖర్చు చూసుకుంటే పీసీఆర్‌లో ఒక గొర్రె వైరస్ ఇంకో గొర్రె ఖాతాలో పడుతుంది. ఆ పరీక్ష అంత సున్నితమైంది.

"పొద్దుగాల సచ్చింది సార్" అని కాపరి చెప్పి, మీరు వెళ్లేసరికి సాయంత్రమై కళేబరం ఉబ్బిపోయి ఉంటే, దాని మీద శ్రమ పెట్టకండి. అదే మందలో జ్వరంతో ఒణుకుతూ పక్కకు నిలబడ్డ గొర్రె ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని కంటి స్వాబ్, ముక్కు స్వాబ్, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ఉన్న ట్యూబులో రక్తం తీయండి. ఊదారంగు మూత ఉన్న ట్యూబు వాడండి, ఆకుపచ్చ మూతది వద్దు. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌కు అడ్డుపడుతుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని తర్వాత చెప్పే ప్రతిదానికంటే ఇది ముఖ్యం. ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. అలాంటి కళేబరాన్ని కోయకండి. దేనికోసమూ కోయకండి. గాలి తగిలితే ఆంత్రాక్స్ క్రిమి స్పోర్లుగా మారి ఆ నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మనుషులకూ సోకుతుంది. చెవి దగ్గర నుంచి కొద్దిగా రక్తం స్లైడ్ మీద తీస్తే చాలు. ఏ పరిశోధనా మీ ప్రాణం కంటే, ఆ కాపరి పిల్లల ప్రాణం కంటే ఎక్కువ కాదు.

ఆర్‌ఎన్‌ఏ కోసం మేం ఎక్కువగా వాడేది ఆర్‌ఎన్‌ఏ లేటర్ అనే ద్రవం. బయట కొంటే ఖరీదెక్కువ. కానీ అందులో ముఖ్యమైంది అమ్మోనియం సల్ఫేట్, మన రైతులు పొలంలో చల్లే ఎరువే. ప్రయోగశాలకు తగిన శుద్ధమైన రకం తెచ్చి, సోడియం సిట్రేట్, ఈడీటీఏ కలిపి, పీహెచ్ 5.2కు తెచ్చుకుంటే ల్యాబ్‌లోనే తయారవుతుంది. మేం అలాగే చేసి చిన్న ట్యూబుల్లో పోసి జిల్లాలకు పంపుతున్నాం. అంత గాఢమైన లవణంలో ఆ తినేసే ఎంజైములు కరిగి ఉండలేక విరిగి పేరుకుపోతాయి, ఇక పనిచేయవు. ఐసు లేకపోయినా 25 డిగ్రీల దగ్గర వారం, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆగుతుంది. మన మే నెల ఎండకు ఆ ఒక్క రోజునే లెక్కలో పెట్టుకోండి.

కాకపోతే ద్రవం ముక్క లోపలికి ఇంకాలి. దీన్ని ఎంత చెప్పినా తక్కువే. గుప్పెడంత ఊపిరితిత్తిని సీసాలో కూరి, పైన రెండు చుక్కలు పోసి పంపిస్తారు. పైపొర బాగుంటుంది, లోపల కుళ్లిపోతుంది. ఒక వైపైనా అర సెంటీమీటరు కంటే మందం ఉండకూడదు. నేనైతే కందిగింజంత ముక్కలు నాలుగైదు చాలంటాను. ముక్కకు కనీసం అయిదింతలు ద్రవం ఉండాలి. ఒక రాత్రి మామూలు ఫ్రిజ్‌లో, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి, మర్నాడు ఫ్రీజర్‌లోకి మార్చండి. మైనస్ 20లో పెడితే ఆ ద్రవం గడ్డకట్టదు. చూసి కంగారు పడకండి, దాని తత్వమే అంత. ముందే గడ్డకట్టించిన ముక్కను తెచ్చి ఇందులో వేస్తే మాత్రం ప్రయోజనం లేదు. అది కరిగేలోపే ఎంజైములు తమ పని చేసుకుపోతాయి.

డీఎన్‌ఏ ఒక్కటే కావాలంటే, ఉదాహరణకు గొర్రె జాతి గురించి చదవాలన్నా, ఒంటి మీది పిడుదులను గుర్తించాలన్నా, అబ్సల్యూట్ ఆల్కహాల్ చాలు. డ్రెస్సింగ్ రూములో ఉండే స్పిరిట్ వాడకండి. అందులో నీళ్లు ఎక్కువ, వేరే రసాయనాలు కూడా ఉంటాయి. ముక్కకు పదింతలు ఆల్కహాల్ పోసి, మర్నాడు పారబోసి కొత్తది పోయండి. మొదటి రోజు ముక్కలోని నీళ్లన్నీ బయటికొచ్చి ఆల్కహాల్‌ను పలుచన చేస్తాయి.

వైరస్‌ను పెంచాలనుకుంటే ఇవేవీ పనికిరావు. ఆల్కహాల్ దాన్ని చంపేస్తుంది. యాంటీబయాటిక్ కలిపిన పీబీఎస్‌లో (ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్ ద్రవం) వేసి, ఐసు మీద పెట్టి, వీలైనంత త్వరగా పంపాలి. గాలికుంటు పుండు పొర అయితే సగం గ్లిజరిన్, సగం ఫాస్ఫేట్ బఫర్ వాడతారు. ఇది కష్టమైన దారి, నిజమే. కానీ ఈ దారిలో వచ్చినవే మన చేతిలోని టీకాలు. మన దేశంలో పీపీఆర్‌ను మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూరు అనే ఊళ్లో. ఆ వైరస్‌తోనే తర్వాత అరసూర్-87 టీకా తయారైంది. దేశంలో చాలాచోట్ల వేసే సుంగ్రి-96 టీకాకు మూలం హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక మేక. ఆ రెండు చోట్లా ఎవరో ఒకరు నమూనాను బతికుండగానే ల్యాబ్ దాకా చేర్చారు. వాళ్ల పేర్లు టీకా సీసా మీద ఉండవు. కోట్ల గొర్రెలు బతికాయి.

లిక్విడ్ నైట్రోజన్ గురించి చాలామంది అడుగుతుంటారు. అది మైనస్ 196 డిగ్రీలు. అందులో వేసిన ముక్కలో అన్ని పనులూ ఆగిపోతాయి, ద్రవం ఏదీ కలపక్కర్లేదు. దానికోసం నగరాలకు పరిగెత్తక్కర్లేదు. ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు బండి వెనక కట్టుకుని తిరిగే క్యానులో ఉండేది అదే. పశుసంవర్ధక శాఖ దాన్ని పల్లెల దాకా పంపిణీ చేస్తోంది. మా బృందానికి ఊళ్లలో ఎన్నోసార్లు గోపాలమిత్రలే ఆదుకున్నారు. అయితే వాళ్ల దగ్గర ద్రవం మాత్రమే తీసుకోండి, మన క్యాను మనమే తీసుకెళ్లాలి. వీర్యం స్ట్రాలున్న క్యానులో జబ్బు ముక్క ఎప్పుడూ పెట్టకూడదు. ట్యూబు పగిలిందంటే ఆ రోగం ఎన్ని దొడ్లకు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. క్యానును కారులో అద్దాలు మూసుకుని పెట్టుకోకండి. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువుగా మారుతుంది. రంగు, వాసన లేకుండానే ఊపిరాడనివ్వదు. ట్యూబుల్లోకి ద్రవం దూరితే బయటికి తీయగానే పేలతాయి, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇంత చేసి తెచ్చిన ముక్కను ల్యాబ్‌లో పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక బ్రెయిన్ బ్యాంకులో ఫ్రీజర్ చెడిపోతే, దాదాపు నూటయాభై మెదళ్లు దెబ్బతిన్నాయి. ఆటిజం పరిశోధన కోసం కుటుంబాలు ఇచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. అలారం మోగలేదు. బయటి డిస్‌ప్లేలో ఉష్ణోగ్రత మామూలుగానే కనిపించింది. అందుకే ఒకే జంతువు ముక్కలను రెండు ఫ్రీజర్లలో పంచి పెట్టాలంటాను. పెట్టేటప్పుడే చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకుంటే, ఒక పరీక్ష కోసం మొత్తం కరిగించాల్సిన పని ఉండదు. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ ఆర్‌ఎన్‌ఏ కొంత తెగుతుంది. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లు ఈ పనికి వద్దు. మంచు కరగడానికి అవి మధ్య మధ్యలో తమంతట తాము వేడెక్కుతుంటాయి.

దాచకూడని ముక్కలు కూడా ఉంటాయని ఈ రంగంలోకి వచ్చాకే తెలుసుకున్నాను. ముసర వ్యాధిని 2011లో ప్రపంచం నుంచి నిర్మూలించినట్టు ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు అది. ఆ వైరస్ ఇప్పుడు మిగిలింది ల్యాబ్ ఫ్రీజర్లలోనే. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ తన దగ్గరున్న నమూనాల జన్యుక్రమం చదివి, 2019లో ఆ సీసాలను నాశనం చేసింది. వాళ్ల దగ్గర చదివిన సమాచారం ఉంది, ఆ సీసాల్లోని వైరస్ లేదు. ఒకరోజు పీపీఆర్ విషయంలోనూ మేం అదే చేయాలని నా కోరిక.

లేబుల్ గురించి రెండు మాటలు. మార్కర్‌తో రాసింది ఆల్కహాల్ తగలగానే చెరిగిపోతుంది. మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపల వేయండి. పైన కూడా రాసి టేపు చుట్టండి. మూత మీద మాత్రమే రాయకండి, మూతలు తారుమారవుతాయి. పెట్టెలో ఐసు ముక్కల బదులు గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పెడితే లోపల తడవదు, ఎక్కువసేపు ఆగుతుంది. శుక్ర, శనివారాల్లో పంపకండి, ఆదివారం పార్సిల్ కౌంటరులో ఎండుతుంది. బస్సు ఎక్కించగానే బస్సు నంబరు ఫోన్లో చెప్పండి, మా వాళ్లు వచ్చి తీసుకుంటారు.

ఉత్తరంలో గొర్రె వయసు, ఎప్పటి నుంచి జబ్బు, మందలో ఎన్ని చనిపోయాయి, కొత్తగా సంత నుంచి ఎన్ని కొన్నారు, ఏ తేదీన ఏ టీకా వేశారు, ఇవన్నీ రాయండి. టీకా తేదీ లేకపోతే దొరికింది టీకా వైరస్సా, జబ్బు వైరస్సా అని మళ్లీ తల పట్టుకోవాలి. కాపరి ఫోన్ నంబరు కూడా రాయండి. నమూనా ఇచ్చిన కాపరికి రిజల్ట్ అందకపోవడం నేను చాలాచోట్ల చూశాను. కాగితం ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగి, ఆయన దాకా వెళ్లేసరికి మంద వేరే జిల్లాకు మేతకు వెళ్లిపోతుంది. ఆ నంబరు నా దగ్గర ఉంటే రిజల్ట్ వచ్చిన పూటే నేను ఫోన్ చేసి చెప్పగలను. జబ్బు గొర్రెలను వేరు చేయించి, చుట్టుపక్కల ఊళ్లలో టీకాలు మొదలుపెట్టడానికి మీకూ వారం రోజులు కలిసొస్తాయి.